వెనక్కి కుంగిన పాత కారు.. ఎయిర్ షాక్‌లు చూశారా?

కెనడాకు కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది ముందు కొనేది పాత కారే. బ్యూక్ లెసాబర్ లాంటి పెద్ద సెడాన్ చవగ్గా దొరికితే సంబరమే. అయితే రాత్రి పార్క్ చేసిన కారు తెల్లారేసరికి వెనక్కి కుంగి ఉంటే వెనక ఎయిర్ షాక్‌లను అనుమానించాలి.

డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటే, సెన్సర్ పసిగట్టి చిన్న కంప్రెసర్‌తో షాక్‌లలోకి గాలి పంపి కారును సమం చేయిస్తుంది. రబ్బరు సంచి పగిలినా, సన్నని గొట్టం చిట్లినా కంప్రెసర్ పదేపదే తిరిగి కాలిపోవచ్చు. ముందు సబ్బునీళ్లు పూసి చూడండి. బుడగలు గొట్టం దగ్గరే వస్తే షాక్‌ల ఖర్చు తప్పినట్టే! అరిగిన షాక్‌తో మంచు రోడ్డుపై కారు తోక ఊపుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి.

మార్చాల్సి వస్తే రెండూ కలిపే మార్చాలి. అసలు తంటా బోల్టులతోనే. చలికాలం చల్లే ఉప్పుకు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. ముందురోజే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచాలి. జాకీని నమ్మొద్దు, స్టాండ్‌లు వేయాలి. గాలి తీసేసి, ఇరుసు కింద కూడా ఆసరా పెట్టాకే షాక్ విప్పాలి. చాలా కార్లలో ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది షాకే.

బరువులు మోయని కారుకు మామూలు షాక్‌లే చాలు. కాకపోతే కంప్రెసర్ కనెక్షన్ తీసేయాలి. ఒంటారియోలో 'యాజ్ ఈజ్' కారు కొనేవారు ఈ పని ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. కారుకు నంబర్ ప్లేట్లు పెట్టుకోవడానికి కావాల్సిన సేఫ్టీ సర్టిఫికెట్ తనిఖీలో సస్పెన్షన్ కూడా చూస్తారు, ఆ కాగితం చెల్లేది 36 రోజులే.