ఆపరేషన్ అయిన గుండె – ఎకో పరీక్ష

గుండెలో నాలుగు కవాటాలు ఉంటాయి. కవాటం అంటే తలుపు. దివిసీమలో మురుగు కాలువలకు సముద్రం వైపు తలుపులు ఉంటాయి. అవి నీటిని సముద్రంలోకి వదులుతాయి. పోటు వేళ ఉప్పునీటిని పైకి రానివ్వవు. గుండె కవాటాలూ అంతే. రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి.

చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత జ్వరం, కీళ్ళ వాపు వస్తే కొందరికి కవాటాలు పాడవుతాయి. దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. కవాటం బాగా పాడైతే ఆపరేషన్ చేసి కొత్తది పెడతారు. మన దేశంలో తయారైన చిత్ర కవాటాన్ని 1990లో తిరువనంతపురంలో మొదటిసారి మనిషికి అమర్చారు.

ఆపరేషన్ అయ్యాక చాలామంది బాగానే ఉంటారు. కొందరికి ఏళ్ళ తర్వాత ఇబ్బంది వస్తుంది.

గుడివాడ దగ్గర పల్లెలో ఒకామె ఉందనుకుందాం. ఆమెకు లోహపు కవాటం పెట్టి ఎనిమిదేళ్ళయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. "బాగానే ఉన్నాను కదా" అని మానేసింది. కొన్నాళ్ళకు ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. "నీరసంలే, నాట్లు అయ్యాక చూద్దాం" అన్నారు ఇంట్లోవాళ్ళు.

అది నీరసం కాదు. కవాటం మీద రక్తం గడ్డకట్టింది. తలుపు బిగుసుకుపోయింది. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. గడ్డ ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది.

ఇది ఎలా తెలుస్తుంది? ఎకో పరీక్షతో తెలుస్తుంది.

బందరులో వేటకు పోయే మరబోట్లు కొన్నిటిలో చేపల జాడ చూపే యంత్రం ఉంటుంది. అది నీళ్ళలోకి శబ్దం పంపుతుంది. శబ్దం చేపలకు తగిలి వెనక్కి వస్తుంది. తెర మీద బొమ్మ పడుతుంది. ఎకో కూడా ఇలాంటిదే. చెవికి వినపడని శబ్దాన్ని గుండెకు పంపుతుంది. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు.

దీనికి కోత లేదు, నొప్పి లేదు. కడుపుతో ఉన్నవారికీ చెయ్యవచ్చు. కవాటం లోహానిదైతే బొమ్మ సరిగా పడకపోవచ్చు. అప్పుడు నోటి గుండా అన్నవాహికలోకి సన్నని గొట్టం పంపి గుండెను దగ్గరగా చూస్తారు. గడ్డ ఉందా, కవాటం కారుతోందా, చీము పట్టిందా అన్నది తెలుస్తుంది. దాన్నిబట్టి వైద్యం చేస్తారు.

గుర్తుంచుకోవలసినవి:

ఆయాసం, కాళ్ళ వాపు, విడవని జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. లోహపు కవాటం టిక్కు టిక్కు చప్పుడు తగ్గినా వెళ్ళాలి.

మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

ఆపరేషన్ కాగితాలు, పాత ఎకో రిపోర్టులు దాచుకోవాలి. పాత బొమ్మతో పోల్చి చూస్తేనే తేడా తెలుస్తుంది.

డాక్టరు చెప్పకుండా మాత్ర మానకూడదు. ఆ మాత్ర కడుపులో బిడ్డకు హాని చెయ్యవచ్చు. అందుకే బిడ్డను కనాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి.