ఏ పాట పాడాలో అమ్మను అడిగారా?

కొన్నేళ్ల క్రితం మా వార్డులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేవారు. గర్భసంచి క్యాన్సర్ బాగా ముదిరిన తరువాత మా దగ్గరకు వచ్చారు. ఆమె కూతుళ్లిద్దరూ మమ్మల్ని వరండాలోకి పిలిచి, "అమ్మకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేదు" అని బతిమాలారు. మేము సరేనన్నాం. అదే వారంలో ఒక రాత్రి డ్యూటీలో ఉన్న మా సిస్టరుతో ఆ తల్లి, "నా సంగతి నాకు తెలుసమ్మా. పిల్లలతో అనకు, వాళ్లు తట్టుకోలేరు" అన్నారు. దిండు కింద నుంచి పాటల పుస్తకం తీసి, చివరి అట్ట లోపల పెన్సిలుతో రాసుకున్న మూడు నంబర్లు చూపించి, "నన్ను తీసుకెళ్లే రోజు ఇవి పాడితే చాలు" అన్నారు.

ఆమె ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన రోజున క్వయరువాళ్లకు ఏ పాటలు వస్తే అవి పాడారు. పదకొండవ రోజు జ్ఞాపకార్థ కూడిక పెద్ద ఎత్తున జరిగింది. షామియానా, మైకు, నాలుగు వందల మందికి భోజనాలు. డబ్బు వడ్డీకి తెచ్చారు. వేదికపై మాట్లాడిన పెద్దల్లో చాలామందికి ఆమెతో పరిచయమే తక్కువ. ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లు వెనక నిలబడి, భోంచేసి వెళ్లిపోయారు.

నెల తరువాత మరణ ధృవీకరణ పత్రం కోసం వచ్చిన పెద్ద కూతురికి మా సిస్టరు ఆ నంబర్ల సంగతి చెప్పింది. "ఆ నంబర్లు చూశాం సిస్టర్, ఆదివారం పాటలేమో అనుకున్నాం" అని ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది.

తల్లి, పిల్లలు, మేము, అందరం ప్రేమతోనే దాచాం. ఆ రాత్రే "అమ్మా, ఈ మాట పిల్లలకు మేము చెప్పమంటారా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. మేము అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందుగా మాట్లాడుకోవడం అపశకునం కాదు

చావు గురించి మాట్లాడితే చావు ముందే వస్తుందన్న భయం విశ్వాసుల ఇళ్లలో కూడా ఉంది. కానీ పరిశుద్ధ గ్రంథంలో పితరులు ఈ మాట దాచలేదు. యాకోబు మంచం మీద ఉండి కుమారులందరినీ పిలిచి, ఒక్కొక్కరితో మాట్లాడి, తనను మక్పేలా గుహలో పాతిపెట్టమని స్పష్టంగా చెప్పిన సంగతి ఆదికాండము 49వ అధ్యాయంలో ఉంది. ఆ పిల్లలకు తండ్రి కోరిక ఏమిటన్న సందేహం మిగలలేదు.

మనం కూడా అడగవచ్చు. అడిగే తీరు ముఖ్యం. మంచం చుట్టూ పదిమంది చేరి అడగకూడదు. నొప్పి తగ్గి, రోగి కాస్త తేటగా ఉన్న వేళ, మనసుకు దగ్గరైనవారు ఒక్కరే కూర్చుని, "నాన్నా, నీకు బాగా ఇష్టమైన పాట ఏది?", "నీ గురించి ఎవరు మాట్లాడితే నీకు సంతోషం?" అని మొదలుపెట్టాలి. చెప్పాలని ఉంటే వారే చెబుతారు. వద్దంటే ఆపేయాలి. చెప్పినది ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఇద్దరికి తెలిసిన చోట పెట్టాలి.

భూస్థాపన వేరు, జ్ఞాపకార్థ కూడిక వేరు

ఈ రెండింటినీ ఒకేరోజు ముగించాలనుకోవడం వల్ల చాలా ఇబ్బందులు వస్తాయి. మన ఎండలకు భూస్థాపన ఆలస్యం చేయడం కష్టం. దూరదేశంలో ఉన్న కొడుకు కోసం ఫ్రీజరు బాక్సులో రోజుల తరబడి ఉంచితే ఇంట్లోవారు నిద్రాహారాలు లేక కుంగిపోతారు. కుటుంబం ఒప్పుకుంటే భూస్థాపన సాదాగా, పాస్టరు గారి ప్రార్థనతో ముగించి, అందరూ రాగలిగిన రోజున కూడిక పెట్టుకోవచ్చు. అది పదకొండవ రోజే కావాలన్న నియమం లేదు. రాలేనివారు వీడియో కాల్‌లో తమ మాట చెప్పవచ్చు.

కళ్లు దానం చేయాలన్న కోరిక ఉంటే మాత్రం గంటలే లెక్క. మరణించిన ఆరు గంటల లోపు కళ్లు సేకరించాలి. వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేసి, కనురెప్పలు మూసి, వాటిపై తడి దూది ఉంచి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపాలి. కళ్లద్దాలు వాడినవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు, షుగరు ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. కొన్ని అంటురోగాలు ఉన్నవారివి తీసుకోరు. ఆ సంగతి డాక్టరు చెబుతారు.

కూడికను ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

గంట, గంటన్నర చాలు. ఆరంభ ప్రార్థన, వారికి ఇష్టమైన రెండు మూడు పాటలు, వాక్య సందేశం, సాక్ష్యాలు, ముగింపు ప్రార్థన. సందేశం ఎంతసేపో పాస్టరు గారితో ముందే మాట్లాడుకోవాలి. వారికి మీ మనిషి గురించి నాలుగు విషయాలు రాసి ఇస్తే ఆ సందేశం మీ ఇంటి సందేశం అవుతుంది.

మాట్లాడేవారు నలుగురికి మించకుండా, ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడితే మంచిది. హోదాను బట్టి కాక, దగ్గరగా చూసినవారిని పిలవండి. పొరుగింటివారు ఒకరు, తోటి పనివారు ఒకరు, మనవడో మనవరాలో ఒకరు. గొప్పలు చెప్పాల్సిన పని లేదు. తాతయ్య కోపం గురించి, ఆ కోపం తరువాత ఆయన తెచ్చే జీళ్ల గురించి చెబితే అందరికీ ఆయన కళ్ల ముందుకు వస్తారు.

ఫోటో పక్కన వారు రోజూ ముట్టుకున్న వస్తువులు రెండు పెట్టండి. అరిగిన బైబిలు, కళ్లజోడు, కుట్టుపని కత్తెర, ఏదైనా సరే.

భోజనాల దగ్గరే అప్పులు మొదలవుతాయి. చికిత్సకు అప్పటికే చేసిన అప్పు మీద ఇంకో అప్పు చేసి, ఊరందరికీ పెడితేనే గౌరవమన్న మాట నమ్మకండి. టీ, బిస్కట్లు, ఉంటే పులిహోర. ఈ విషయంలో సంఘ పెద్దలే ముందుగా ఇంటివారికి ధైర్యం చెప్పాలి. పెట్టకపోతే ఎవరేమనుకుంటారోనన్న భయం ఇంటివారికి ఉంటుంది, పెద్దల మాటతో అది తీరుతుంది.

ఇతర మతస్థులైన బంధువులు వస్తారు. వారికి పాటల పుస్తకం చేతికిచ్చి, ఎప్పుడు లేవాలో పక్కన ఒకరు కూర్చుని చెబితే వారు పరాయివారుగా ఉండరు. భర్తను పోగొట్టుకున్న స్త్రీని మూల కూర్చోబెట్టడం, ఏడుస్తున్న ఆమె చేతి గాజులు తీయించడం కొన్ని క్రైస్తవ ఇళ్లలో ఇంకా చూస్తున్నాం. దయచేసి అలా చేయకండి. ఆ రోజు ముందు వరుస ఆమెది.

పిల్లలతో "తాతయ్య నిద్రపోయారు" అనకండి. చిన్నపిల్లలు ఆ తరువాత నిద్రకే భయపడతారు. "చనిపోయారు, ఇక తిరిగి రారు, ప్రభువు దగ్గర ఉన్నారు" అని మెల్లగా చెప్పండి. కూడికకు వస్తామంటే రానివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి. వచ్చిన పిల్లల పక్కన ఒక పెద్దవారిని ఉంచండి.

ఇంటివారి ఆరోగ్యం

ఈ రోజుల్లోనే బీపీ, షుగరు మందులు మానేసి మా దగ్గరకు వచ్చేవారిని చూస్తుంటాం. ఇన్సులిన్ వేసుకుని అన్నం తినకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మందుల బాధ్యత ఒకరికి అప్పగించండి. సమాధుల తోటకు తాగునీరు, గొడుగులు తీసుకెళ్లండి. ముసలివారికి కుర్చీ వేయండి.

మరణాన్ని 21 రోజుల లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో జరిగితే మేమే పంపుతాం. ఇంట్లో జరిగితే ఇంటివారే తెలియజేయాలి. చివరి జబ్బుకు చూసిన డాక్టరు మరణ కారణం రాసిచ్చే పత్రానికి రుసుము లేదు.

ఏడవడం విశ్వాసం లేకపోవడం కాదు. లాజరు సమాధి దగ్గర మన ప్రభువు కూడా ఏడ్చారు. అయితే వారాలు గడిచినా తిండి, నిద్ర లేకపోయినా, "నేనూ పోతే బాగుండు" అన్న మాట వినిపించినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ టీచరమ్మ ఇంట్లో మొదటి సంవత్సరీకం నాడు కూతుళ్లు మళ్లీ ఒక చిన్న కూడిక పెట్టి మమ్మల్నీ పిలిచారు. పెరట్లో వేపచెట్టు కింద ముప్పై మంది దాకా కూర్చున్నాం. ఆ మూడు పాటలూ పాడాం. మూడవది ఎవరికీ సరిగ్గా రాదు. మా సిస్టరు పుస్తకం చూస్తూ ఎత్తుకుంటే అందరం వెనక అందుకున్నాం. ఆమె దగ్గర చదువుకున్న లారీ డ్రైవరు ఒకతను లేచి, "మా టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని నా పేరు రాయించింది. లైసెన్సు మీద సంతకం పెట్టిన రోజు ఆమే గుర్తొచ్చింది" అని కూర్చున్నాడు. అంతకు మించి మాట్లాడలేకపోయాడు.

ఇప్పుడు మా వార్డులో ఇలాంటి మాట రోగి చెబితే, ఇంటివారికి తెలియజేయవచ్చా అని అప్పుడే అడుగుతున్నాం. కుటుంబంతో కలిసి కూర్చుని మాట్లాడటానికి మా చాప్లిన్ గారు కూడా వస్తారు. మీ ఇంట్లో మంచం మీద ఉన్నవారిని ఈ వారమే ఆ చిన్న ప్రశ్న అడగండి. జవాబు మీకు జీవితాంతం ఆదరణగా ఉంటుంది. ప్రభువు మీ కుటుంబాలకు తోడైయుండును గాక.