నిలుకడ

నిలబడడం ఎంత కష్టమో పసివానికి తెలుసు, వృద్ధునికి తెలుసు. నడివయసువారు దానిని మరచి తిరుగుతారు.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్ళి చూడండి. మరపడవలు జెట్టీని చేరుతాయి. నీటిమీద ఊగుతున్న పడవ అంచున కాలూని జాలరి ఒక్క అడుగులో గట్టెక్కుతాడు. చేపల గంప నెత్తిన పెట్టుకొన్న స్త్రీ, మంచునీళ్ళూ పొలుసులూ కలిసిన జారుడు నేలమీద తొణకకుండా సాగిపోతుంది. ఆ ఒడుపంతా కాళ్ళ సత్తువేనని మనం తలుస్తాము. కాని కంటి చూపు, లోచెవి, అరికాళ్ళూ కండరాలూ కీళ్ళూ పంపే కబురు, ఈ మూడింటినీ మెదడు క్షణక్షణమూ సరిచూచుకొంటేనే మనిషి నిలువగలడు. వయసు మీరినకొద్దీ ఆ కబుర్లు మందగిస్తాయి, కండ తరుగుతుంది. ఒకనాడు కెరటాన్ని గెలిచిన కాలే ఇంటి గడప దగ్గర తొట్రుపడుతుంది.

ఇది తేలికగా తీసుకోదగిన సంగతి కాదు. పడిపోవడం మూలంగా ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 60 ఏళ్ళు దాటినవారిలోనే ఈ మరణాలు అత్యధికం. ఒకసారి పడినవారు మళ్ళీ పడతామేమోనన్న భయంతో కదలడం తగ్గిస్తారు. కదలిక తగ్గిన కాలు మరింత బలహీనమౌతుంది.

ఇటువంటివారికి ఒక రంగు పట్టీ మేలు చేయునా అన్న విచారణ కొంతకాలంగా సాగుతున్నది. జపాను దేశీయుడు కెంజో కాసే 1970 దశాబ్దంలో దీనిని రూపొందించాడు. 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో ఆటగాళ్ళ దేహాలమీద కనిపించి ఇది లోకప్రసిద్ధమైనది. సాగే నూలుబట్ట, దాని వెనుక జిగురు, మందేమీ ఉండదు. మన పుత్తూరు కట్టు విరిగిన ఎముకను కదలనీయదు. ఈ పట్టీ కీలును కదలనిస్తూనే చర్మాన్ని మెల్లగా లాగుతుంది. చీలమండకు అంటించినపుడు ఆ లాగుడే మెదడుకు అదనపు కబురు కాగలదని దీనిని వాడేవారి ఊహ.

ఫలితం మాత్రం ఇంకా తేలలేదు. కొన్ని పరిశోధనలలో కొద్ది మేలు కనిపించినది, కొన్నింటిలో ఏమీ కనిపించలేదు. పైగా ముదిమిలో చర్మం పలుచన. పట్టీని విసురుగా లాగితే చిట్లుతుంది. మధుమేహం ఉన్నవారు, పుండ్లు ఉన్నవారు వైద్యుని అడగక వాడరాదు.

వ్యాయామం విషయంలో ఇంత సందేహం లేదు. వ్యాయామ సాధన చేసే వృద్ధులలో పడిపోవడాలు నూటికి 23 వంతున తగ్గినవని 2019లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చినది. సాధన అనగా మల్లయుద్ధమేమీ కాదు. బరువైన కుర్చీ వీపు పట్టుకొని ఒంటికాలిమీద కొన్ని క్షణాలు నిలవడం, చేతుల ఊత లేకుండా కుర్చీలోనుంచి లేచి మళ్ళీ కూర్చోవడం, ఇటువంటివే. పక్కన ఒక మనిషి తోడుండాలి.

పెద్దలు తాము పడిన సంగతి నామోషీగా ఎంచి దాచుకొంటారు. విద్యార్థులారా, మీ ఇంట తాతగారో నాయనమ్మగారో ఉంటే ముందుగా ఆ సంగతి మెల్లగా అడగండి. పట్టీ కొనాలా వద్దా అన్నది ఆ తరువాతి మాట. రోజూ సాయంత్రం కొంతసేపు ఆ కుర్చీ పక్కన మీరే నిలబడండి.