పుష్యమాసపు చలిలో సైకిలు సాధన

పుష్యమాసం వచ్చిందంటే సింగ్రౌలి ప్రాంతపు టౌన్‌షిప్పులలో దినచర్య అంతా మారిపోతుంది. రాత్రి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల వరకు దిగుతుంది. రిహంద్ జలాశయం మీది తేమ, గనుల ధూళి, ఇళ్ల ముంగిట రగిలే బొగ్గు కుంపట్ల పొగ కలిసి నేలను అంటిపెట్టుకొని ఉండిపోతాయి. తొమ్మిది గంటలైనా సూర్యుడు వెండి బిళ్లలాగానే కనిపిస్తాడు. గోదావరి ఒడ్డునో, కృష్ణా డెల్టాలోనో పుట్టి పెరిగి, 18 డిగ్రీలకే శాలువా వెదుక్కునే మా తెలుగు కుటుంబాలకు ఇది నిజంగా పరీక్షాకాలం. లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతాలవారు మాత్రం ‘ఇదేం చలండీ’ అని నవ్వుతారు. వారి సంగతి వేరు.

ఇటువంటి రోజులలో తెల్లవారుజామున రజాయి తొలగించి సైకిలెక్కడం వివేకమా, వెర్రియా అన్న ప్రశ్న మా కాలనీలో ఏటా వినబడుతూనే ఉంటుంది. నాలుగు శీతాకాలాల అనుభవంతో ఈ విషయమై మేము తెలుసుకొన్నది సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబసభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాస సంకల్పం.

గడచిన అక్టోబరులో మా బృందంలో పదకొండుమందిమి ఉండేవాళ్లం. అందరమూ నలభై అయిదు దాటినవాళ్లమే. వార్షిక వైద్యపరీక్షలో రక్తపోటో, చక్కెరో తేలిన తరువాత సైకిలు పట్టినవారే మాలో ఎక్కువ. వారిలో అందరికంటె పెద్దవారు టర్బైన్ నిర్వహణ విభాగంలో పనిచేస్తారు. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. ఆయనను మేమంతా ‘గురువుగారు’ అంటాము. మూడు నెలల చక్కెర సగటు 7.9 ఉన్నదని చెబుతూ డాక్టరుగారు, ‘మందు నేనిస్తాను, నడకో సైకిలో మీరు చేయాలి, వారానికి కనీసం 150 నిమిషాలు’ అన్నారట. ఆయన తండ్రిగారు ఇదే వ్యాధితో కాలు పోగొట్టుకొన్నారు. కనుక గురువుగారికి సైకిలు వినోదం కాదు.

ఏదో ఒక గమ్యం ఉంటే గాని సాధన నిలవదని, ఫిబ్రవరి చివరి వారంలో జరిగే 200 కిలోమీటర్ల బ్రెవేకు అందరమూ పేర్లు నమోదు చేసుకొన్నాము. బ్రెవే అంటే పోటీ కాదు. ముందుగా నిర్ణయించిన మార్గంలో, మధ్యమధ్య తనిఖీ కేంద్రాలలో కార్డు మీద ముద్ర వేయించుకొంటూ, నిర్ణీత వ్యవధిలో గమ్యం చేరాలి. 200 కి.మీ.లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. మొదట వచ్చినవారికి, చివర వచ్చినవారికి తేడా లేదు. ఈ సంప్రదాయానికి పెద్దదిక్కు ఫ్రాన్సులోని పారిస్-బ్రెస్ట్-పారిస్. 1891లో పందెంగా మొదలైన ఆ 1200 కి.మీ. ప్రయాణం ఇప్పుడు నాలుగేళ్లకొకసారి 90 గంటల గడువుతో జరుగుతున్నది. 2023లో మన దేశం నుంచి కూడా చాలామంది వెళ్లారు. మాకు అంత ఆశ లేదు. రెండు వందలు చాలుననుకొన్నాము.

జనవరి రెండవ వారానికి పదకొండుమందిలో మిగిలినది ఐదుగురం.

తగ్గిపోయిన ఆరుగురు సోమరులని ఎవరూ అనుకోరాదు. వారిలో ఇద్దరు రాత్రి షిఫ్టు చేసి ఇంటికి వచ్చి, పిల్లలను బడిబస్సు ఎక్కించే వారు. అసలు చిక్కు చలికాలపు లెక్కలోనే ఉన్నది. ఈ ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీల ఎండ. జూలై, ఆగస్టులలో వాన. పగటిపూట సైకిలు తొక్కడానికి అనువైన నెలలు నవంబరు నుంచి మార్చి వరకే. ఆ నెలలలోనే ఉదయం చలి అడ్డు వస్తుంది. రెండు మూడు వారాలు సాధన పూర్తిగా మానివేస్తే రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది, గుండె ఒక్క స్పందనకు పంపే రక్తమూ తగ్గుతుంది. అక్టోబరులో సంపాదించినది జనవరిలో కరిగిపోతే మళ్లీ మొదటి మెట్టే. అలా రెండేళ్లు జరిగితే మూడవ ఏడు ఎవరూ సైకిలు దించరు.

చలి గురించి మనకు గల భయంలో సగం అపోహ. ఇంజనీర్లం గనుక లెక్క వేసి చూద్దాం. మామూలు వేగంతో సాగే మనిషి పెడళ్ల మీద సుమారు 100 వాట్ల శక్తి ఇస్తాడు. కండరాల సామర్థ్యం నూటికి 20 నుంచి 25 మాత్రమే. అంటే ఆ పని జరిగేటప్పుడు మరో 300 నుంచి 400 వాట్లు వేడిగా వెలువడుతుంది. (మన థర్మల్ యూనిట్లు నూటికి 35కు పైన సాధిస్తున్నాయి, ఈ విషయంలో యంత్రమే మనిషి కంటె మెరుగు.) కాబట్టి బయలుదేరిన పది నిమిషాలకు ఒంట్లో చిన్న హీటరు పెట్టుకొన్నట్లే. ఇంట్లో నిలబడి చలికి తగినన్ని బట్టలు వేసుకొని వెళ్లినవాడు నాలుగు కిలోమీటర్లకే చెమటతో తడిసిపోతాడు. ఆ తడి బనీనుతో టీకొట్టు దగ్గర ఆగితే పట్టేదే అసలు చలి. బయలుదేరేటప్పుడు కొద్దిగా వణుకు పుట్టేంత దుస్తులే సరైనవని మా అనుభవం. ఒంటికి ఆనుకొని నూలు వద్దు. నూలు చెమటను పట్టి ఉంచుతుంది. పలుచని ఉన్ని గాని, ఆటగాళ్ల సింథటిక్ బనీను గాని మేలు. దానిపై ఒక స్వెట్టరు, ఆపైన గాలి ఆపే జాకెట్టు. జాకెట్టు దొరకనినాడు గురువుగారు స్వెట్టరు లోపల దినపత్రిక మడిచి పెట్టుకొంటారు. ఐరోపాలో కొండలు దిగే పందెగాళ్లు కూడా ఆ పనే చేసేవారు.

చేతులు, చెవులు, పాదాలు వేరే సంగతి. 5 డిగ్రీల చలిలో గంటకు 20 కి.మీ. వేగంతో పోతుంటే చర్మానికి తగిలే చలి 1 డిగ్రీతో సమానం. వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టు దొరకదు. అందుచేత చేతి తొడుగుల మీద పిసినారితనం పనికిరాదు. చెవులకు మాత్రం మంకీ టోపీని మించినది నేటివరకు మాకు దొరకలేదు; హెల్మెట్టు కింద పలుచనిది సరిపోతుంది. రక్తపోటు, హృద్రోగం ఉన్నవారికి ఒక ముఖ్య సూచన: చలికి రక్తనాళాలు బిగుసుకొని రక్తపోటు పెరుగుతుంది. డాక్టరుగారి అనుమతి లేకుండా ఈ సాహసం వద్దు. అనుమతి ఉన్నా, ఇంటిలోనే పది నిమిషాలు ఒళ్లు వెచ్చబరచుకొని బయటకు రావాలి.

ఇక సైకిలు మాట. డిసెంబరు నెలాఖరుకు మాలో ఇద్దరు ‘బలం తగ్గిపోయిందండీ, అదే దారికి ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతోంది’ అని దిగులుపడ్డారు. మనసు విరగడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు. వయసు మీద పడిందన్న అనుమానం చలి కంటె త్వరగా మనిషిని మంచానికి చేరుస్తుంది. కాని జరిగినదేమి? 30 డిగ్రీల వేడిలో చదరపు అంగుళానికి 80 పౌండ్లు కొట్టిన టైరు, లోపలి గాలి కాస్త కూడా పోకపోయినా, 5 డిగ్రీల వద్ద 72కు దిగుతుంది. 35 డిగ్రీల గాలి కంటె 5 డిగ్రీల గాలి నూటికి 11 వంతులు సాంద్రమైనది. అంత మేరకు ఎదురుగాలి బరువు పెరిగినట్లే. బేరింగులలో గ్రీజు గట్టిపడుతుంది. వీటికి తోడు రెండు కిలోల బట్టలు. ఇవన్నీ వివరించి, చేతి పంపుతో గాలి కొట్టి పంపిన తరువాత ఆ ఇద్దరిలో ఒకరు మళ్లీ వచ్చారు, ఒకరు రాలేదు.

ఆనాటి నుంచి వేగం రాయడం మానివేశాము. కంట్రోల్ రూములో లాగ్‌బుక్ ఉన్నట్లే మాకొక పాత రిజిస్టరు ఉన్నది. అందులో తేదీ, ఉష్ణోగ్రత, ఎన్ని నిమిషాలు తొక్కినది మాత్రమే నమోదు చేస్తాము. ఎంత దూరం, ఎంత వేగం అన్న గడులు జనవరి నెలకు కొట్టివేశాము. ‘ఈరోజు 3 డిగ్రీలు, 40 నిమిషాలు’ అని రాసి సంతకం పెట్టడంలో ఒక తృప్తి ఉన్నది. రాని రోజు ఖాళీగా కనిపిస్తుంది. అంతకంటె మందలింపు అవసరం లేదు. రాత్రే బట్టలు, బూట్లు, నీళ్ల సీసా ఒకచోట పెట్టుకోవడం, చలికి దాహం తెలియకపోయినా నీళ్లు తాగడం వంటివి అందరికీ తెలిసినవే. ఒక్క ఒప్పందం మాత్రం చెప్పదగినది. పది నిమిషాలు తొక్కిన తరువాత ఎవరైనా, ఏ కారణమూ చెప్పకుండా, ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈ వెసులుబాటు ఉన్నదన్న ధైర్యంతోనే చాలామంది రజాయి వదిలేవారు. గత జనవరి అంతటిలో అలా మధ్యలో వెళ్లినది మూడుసార్లే.

పొగమంచు విషయంలో మా మధ్య తీవ్రమైన వాదమే జరిగింది. ‘నియమం నియమమే, మంచయినా వానయినా ఐదున్నరకు గేటు దాటవలసిందే’ అన్నది కొందరి పట్టుదల. గురువుగారు ఒప్పుకోలేదు. ‘ప్లాంటులో పర్మిట్ లేకుండా పైపు మీద చేయి వేస్తామా?’ అన్నారు. కాగితం తీసి లెక్క వేశారు. 60 కి.మీ. వేగంతో వచ్చే లారీ సెకనుకు 16.7 మీటర్లు కదులుతుంది. ఎదుట సైకిలు కనిపించి డ్రైవరు బ్రేకు నొక్కేలోగా ఒకటిన్నర సెకను, అంటే 25 మీటర్లు పోతుంది. చూపు 50 మీటర్లే ఆనినపుడు మిగిలినది మరో 25. తడిసిన రోడ్డు మీద బొగ్గు నిండిన లారీ ఆ దూరంలో ఆగదు. 200 మీటర్లలోపు చూపు ఆనితే దట్టమైన మంచు, 50 మీటర్లలోపయితే అతి దట్టమైన మంచు అని వాతావరణశాఖ లెక్క. మా కాలనీలో దీపస్తంభాల మధ్య 30 మీటర్లుంటుంది. గేటు దగ్గర నిలబడితే ఏడవ స్తంభం కనిపించాలి. లేకపోతే బయటి రోడ్డు లేదు. దీనికి మేము పెట్టుకొన్న పేరు ‘ఏడో స్తంభం’.

ఆ నియమం పెట్టుకొన్న వారానికే, పాల క్యాన్లు కట్టుకొని కాలనీకి వస్తున్న ఒక వృద్ధుడి సైకిలును మంచులో ఒక లారీ రాసుకొంటూ పోయింది. ప్రాణం దక్కింది, కాలి ఎముక విరిగింది. ఆయనకు ఏడో స్తంభం కనిపించనినాడు ఇంట్లో కూర్చొనే అవకాశం లేదు. సరదాకు తొక్కే మాకు రెండేసి దీపాలు, మెరిసే చొక్కాలు ఉన్నవి. పొట్టకోసం తొక్కే ఆయన సైకిలుకు వెనుక ఎర్ర అద్దం కూడా లేదు. ఇది మమ్మల్ని చాలాకాలం వేధించింది. చందా వేసుకొని, ఎరుపు, తెలుపు రిఫ్లెక్టరు టేపు కొని, సంక్రాంతి సెలవుకు గేటు దగ్గర కూర్చొని పాలవారి, కూరగాయలవారి, కాంట్రాక్టు కార్మికుల సైకిళ్లకు మడ్‌గార్డు, పెడళ్లు, చక్రాల అంచులకు అంటించాము. మొత్తం 63 సైకిళ్లయ్యాయి. మానివేసిన ఆరుగురిలో నలుగురు ఆ పనికి వచ్చారు.

మంచు దట్టంగా ఉన్న రోజులలో కాలనీ లోపలి వలయం రోడ్డు, లేదా మధ్యాహ్నం రెండు గంటల ఎండ. షిఫ్టులవారికి మధ్యాహ్నమే మేలు. మరీ కుదరకపోతే వెనుక చక్రాన్ని రోలరు మీద ఆనించే స్టాండు ఒకటి ఉన్నది. వరండాలో దానిమీద 40 నిమిషాలు తొక్కడం ఎంత విసుగో చెప్పలేము. గురువుగారి శ్రీమతి మాత్రం ఆ స్టాండును తన సొంతం చేసుకొన్నారు. ‘మీరు బయట తిరగండి, నేను టీవీ చూస్తూ ఇక్కడే తొక్కుతానండీ’ అని మొదలుపెట్టి, జనవరి రిజిస్టరులో మా అందరికంటె ఎక్కువ నిమిషాలు ఆవిడవే తేలాయి.

చలిలో సైకిలు అనగానే 1980లో బెల్జియంలో మంచు కురుస్తుండగా లియేజ్-బాస్టోన్-లియేజ్ గెలిచిన బెర్నార్ ఈనోను ఉదాహరించేవారు ఉంటారు. బయలుదేరిన 174 మందిలో 21 మందే చివరిదాకా చేరిన పందెమది; ఈనో తొమ్మిది నిమిషాలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. అది మహత్తర విజయమే. కాని ఆ చలికి దెబ్బతిన్న ఆయన వేళ్లు రెండు తరువాత కూడా బాగుపడలేదు. అతడు వృత్తిగాడు, ఇరవై అయిదేళ్లవాడు. మన వయసువారికి ఆయన కథ కంటె ఫిన్లాండులోని ఔలు పట్టణం కథ దగ్గరది. అక్కడ మంచు పడగానే సైకిలు బాటలను శుభ్రం చేస్తారు. పిల్లలూ పెద్దలూ ఏ ఆర్భాటమూ లేకుండా బడికి, పనికి సైకిలు మీదనే పోతారు.

ఫిబ్రవరి బ్రెవేకు ఐదుగురం బయలుదేరాము. తెల్లవారుజామున 11 డిగ్రీలుంది. అంతకుముందు నెల తరువాత అది మాకు వసంతంలా తోచింది. 140వ కిలోమీటరు దగ్గర మోకాలి నొప్పితో ఒకరు ఆగి బస్సెక్కారు. గురువుగారు 12 గంటల 50 నిమిషాలకు చివరి ముద్ర వేయించుకొన్నారు. మార్చి పరీక్షలో ఆయన చక్కెర సగటు 6.8. మందు మానలేదు, మోతాదు తగ్గించే సంగతి మరో మూడు నెలలు చూసి చెబుతామన్నారు డాక్టరుగారు. ఆ మాటకు ఆయన కొంత నొచ్చుకొన్నారు గాని, మరునాడు రిజిస్టరులో సంతకం ఉన్నది.

రిఫ్లెక్టరు టేపు ఇంకా 40 సైకిళ్లకు సరిపడా మా వద్ద మిగిలి ఉన్నది. ఇంటికి పాలు, కూరలు తెచ్చే వారికి, పనివారికి ఈ సంగతి చెప్పవలసిందిగా కాలనీ గృహిణులకు మా మనవి. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు షాపింగ్ సెంటరు ముందున్న వేపచెట్టు దగ్గరకు సైకిలు తీసుకొని వస్తే చాలు, మేమే అంటించి ఇస్తాము.