చిన్న సరకు విమానములు – చోదకుడగుట యెట్లు?

విమానచోదకులు కావలెనని కోరు బాలబాలికలు ప్రతి తరగతియందును కలరు. వారి నడిగినచో, వందలకొలది ప్రయాణికులతో సముద్రములను దాటు మహావిమానములనే చెప్పుదురు. ఆ యెత్తునకు పోవు మార్గమున అంతగా కనబడని మెట్టొకటి కలదు. తెల్లవారుజామున నొంటరిగా బయలుదేరి, మందులను, ఉత్తరములను, యంత్రముల విడిభాగములను చిన్న యూళ్లకు చేర్చు సరకు విమానపు చోదకుని వృత్తియే యది. ఈ యుద్యోగ మెట్లు లభించునో, దాని కేమి కావలయునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఈ వృత్తి మిక్కిలి వ్యాపించినది అమెరికా సంయుక్త రాష్ట్రములలో గనుక అచ్చటి పద్ధతినే ప్రధానముగా చెప్పెదము.

విమానములు తమ తొలినాళ్లలోనే ఉత్తరములను మోయుట నేర్చినవి. 1911వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదు నుండి యమునానది కావలనున్న నైనికి హెన్రీ పెకే యను ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరములను విమానముపై గొనిపోయెను. ప్రభుత్వ తపాలా విమానముపై ప్రయాణము చేయుట కదియే యారంభము. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటాగారు కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చిరి. అచ్చటనుండి నెవిల్ విన్సెంటుగారు దానిని బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చిరి. అనగా తెలుగువారు నివసించు సీమకు విమానము తపాలా బంట్రోతు రూపమునను వచ్చినది.

ఇక అమెరికా సంగతి. 1973 ఏప్రిల్ 17వ తేదీ రాత్రి ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ సంస్థ మెంఫిస్ నగరమునుండి 14 విమానములతో 25 నగరములకు 186 పొట్లములను పంపి తన పని ప్రారంభించెను. పెద్ద విమానములు పెద్ద నగరములకు మాత్రమే పోగలవు. చిన్న యూరి విమానాశ్రయమునకు అంత సరకును లేదు, అంత పొడవైన బాటయు లేదు. కావున పెద్ద నగరమున దిగిన పొట్లములను చిన్న విమానములలో నెక్కించి పంపుదురు. ఏరు కాలువలుగాను, కాలువ పిల్లకాలువలుగాను చీలి పొలమునకు నీరు చేర్చు విధమిదియే. ఆ పిల్లకాలువల పని చేయునవి చిన్న కంపెనీలు. వీనిలో హెచ్చుగా కానవచ్చునది సెస్నా కారవాన్ అను ఒంటి యంత్రపు విమానము. ఇది 1982లో మొదట నెగిరెను. సరకునకై నిర్మింపబడిన దీని పెద్దరకము సుమారు 3,000 పౌనుల బరువు మోయగలదు.

ఇట్టి కంపెనీలో చేరుటకు మొదట కావలసినది వాణిజ్య చోదకుని లైసెన్సు. దీనికి 18 సంవత్సరముల వయస్సును, సాధారణముగా 250 గంటల విమానయానమును, వైద్యపరీక్షలో నుత్తీర్ణతయు, ఆంగ్లభాషలో చక్కగా చదువ, మాటలాడ, వ్రాయగల శక్తియు నుండవలయును. మబ్బులలో కన్ను పనిచేయనపుడు పరికరములను మాత్రమే చూచుచు నడపుట కర్హత వేరుగా సంపాదింపవలయును. అయినను ఇంతటితో ఉద్యోగము రాదు. అచ్చటి ప్రభుత్వ నియమముల ప్రకారము, మబ్బులలో ఇట్టి సరకు విమానమునకు అధికారియై నడపువానికి మొత్తము 1,200 గంటల యనుభవము కావలయును. అందు 500 గంటలు ఊరినుండి ఊరికి పోయినవిగాను, 100 గంటలు రాత్రివేళ నడపినవిగాను ఉండవలయును. పరికరముల సహాయముతో నడపినవి 75 గంటలుండవలయును. వానిలో 50 నిజముగా ఆకాశమున గడపినవై యుండవలయును.

250కిని 1,200కును నడుమనున్న యీ యంతరమును దాటుటే కష్టము. పలువురు శిక్షకులై, తమకంటె క్రొత్తవారికి విద్య నేర్పుచు గంటలు కూడబెట్టుకొందురు. కొందరు భూముల కొలతకై ఛాయాచిత్రములు తీయు విమానములను, కొందరు ప్రకటన పతాకముల నీడ్చు విమానములను నడపుదురు. ఉపాధ్యాయులమైన మాకు ఇందు శిక్షకవృత్తియే మేలని తోచును. ఇతరులకు నేర్పువాడు తానెరిగినదానిని రెండవమారు నేర్చుకొనుచున్నాడు గదా!

ఈ సరకు కంపెనీలకు మరియొక విశేషము కలదు. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరము చెంత నొక ప్రయాణికుల విమానము కూలి 50 మంది మరణించిరి. దాని పిమ్మట చేయబడిన చట్టమువలన, 2013 నుండి ప్రయాణికుల ఎయిర్‌లైనులలో సహాయ చోదకునకు సైతము సాధారణముగా 1,500 గంటలు కావలసివచ్చెను. కాబట్టి 1,200 గంటలు గలవానికి సరకు విమానమే తరువాతి మెట్టగుచున్నది.

దరఖాస్తు పెట్టినవానిని కంపెనీవారు పిలిచి పరీక్షింతురు. వాతావరణ సూచనల సంకేతములను చదువుమందురు. దిగుబాటు పటమును ముందుంచి, ఏ యెత్తువరకు దిగవచ్చునో, నేల కనబడనిచో నేమి చేయవలయునో అడుగుదురు. కొందరు కృత్రిమ విమానమున కూర్చుండబెట్టి నడపించి చూతురు. అయితే వీనికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. “సరకు ఆలస్యమైనది, మేనేజరు త్వరపెట్టుచున్నాడు, దారిలో మంచు కురియుచున్నదని వార్త వచ్చినది. నీవేమి చేయుదువు?” ఉద్యోగము దొరకునను నాశతో “ఎట్లయినను పోయెద” నని చెప్పువాడు ధైర్యశాలి కాడు, ప్రమాదకారి. విమానమును గూర్చిన తుది నిర్ణయము చోదకునిదేయని చట్టము చెప్పుచున్నది. ఆ యధికారమును వినియోగింపగలవాని కొరకే మంచి కంపెనీలు వెదకును.

ఈ ప్రశ్న వట్టి మాట కాదు. రెక్కపై ఇసుకకాగితమంత గరుకైన పలుచని మంచుపొర యేర్పడినను, రెక్కమీద గాలి నడక చెడి విమానమును పైకెత్తు బలము తగ్గును. కారవాన్ విమానములకు మంచువలన ననేక ప్రమాదములు జరిగినందున అధికారులు వానికి కఠినమైన నిబంధనలు విధించిరి. సరకు మాత్రమే మోయు చిన్న విమానమున తరచుగా ఒక్క చోదకుడే యుండును. ప్రక్కన హెచ్చరించువాడు లేడు. బరువు తూచి లెక్క కట్టుట, పొట్లములు కదలకుండ కట్టబడినవో లేదో చూచుట, చీకటిలో దీపము పట్టుకొని రెక్కలను తడవి చూచుట, అన్నియు నతని పనులే. ఉదయమున చిన్న యూరు చేరి, పగలెల్ల నచ్చట గడపి, సాయంకాలము అచ్చటి పొట్లములతో మరల నగరమునకు వచ్చును. మొదట జీతము గొప్పది కాదు. ఆరు నెలలకొకమారు పరికరయానమందు మరల పరీక్ష నీయవలయును. అయినను ఈ పనిలో అలవడు స్వయంనిర్ణయశక్తి మరియొకచోట సులభముగా దొరకదు.

మరియొక సంగతి. చోదకుడు గడపిన ప్రతి గంటయు లాగుపుస్తకమున వ్రాయబడును. 1996నాటి చట్టము మొదలుకొని అమెరికాలో క్రొత్త యజమాని పాత యజమానులనుండియు, ప్రభుత్వమునుండియు చోదకుని చరిత్రను తెప్పించి చూచిన పిమ్మటనే విమానము నప్పగింపవలయును. మన దేశమునందును 2011లో నకిలీ మార్కుల పత్రములతో లైసెన్సులు పొందిన చోదకులు కొందరు పట్టుబడి నిర్బంధింపబడిరి. పుస్తకమున లేని గంటలను వ్రాసికొనువాడు ఇతరులను మోసగించుట అటుండగా, అర్ధరాత్రి మబ్బులో తనకు లేని నేర్పును నమ్ముకొని యుండును. మబ్బు లాగుపుస్తకమును చదువదు.

తల్లిదండ్రులకును ఒక మాట చెప్పవలసియున్నది. విమానశిక్షణకు లక్షలకొలది రూపాయలు వ్యయమగును. అమెరికాలో నేర్చుకొన్నంతమాత్రమున నచ్చట ఉద్యోగము చేయు హక్కు రాదు. ఆ దేశమున పనిచేయుటకు చట్టబద్ధమైన యనుమతి గలవారినే ఈ కంపెనీలు చేర్చుకొనును. తిరిగి వచ్చినవారు మన దేశపు పరీక్షలును, వైద్యపరీక్షయు నిచ్చి లైసెన్సును మార్చుకొనవలయును. మన దేశమున వాణిజ్య లైసెన్సునకు 200 గంటల యానము నియమము. ఇచ్చట సరకు విమానములు లేకపోలేదు. బ్లూ డార్ట్ సంస్థ 1996 నుండి రాత్రివేళ సరకు నడపుచున్నది. కాని యవి పెద్ద జెట్ విమానములు. అమెరికాలోవలె చిన్న విమానముల పిల్లకాలువ లింకను ఇచ్చట వ్యాపింపలేదు. కావున భూమి తాకట్టు పెట్టుటకు ముందు వైద్యపరీక్ష చేయించుడు. ఏ దేశమున ఉద్యోగము చేయదలచిరో నిశ్చయించుకొనుడు. శిక్షణాలయమునకు పోయి, విమానములెన్ని యెగురుచున్నవో కన్నులార చూడుడు.

మరి విద్యార్థులు నేడు చేయదగిన దేమి? లెక్కలను చులకన చేయకుడు. గంటకు 150 మైళ్లు పోవు విమానము 150 మైళ్ల దూరమును ఒక గంటలో చేరును. ఎదురుగాలి 30 మైళ్ల వేగముతో వీచినచో, నేలమీది వేగము 120 మైళ్లే. అపుడు ఒక గంట పదునైదు నిమిషములు పట్టును. గంటకే సరిపోవు చమురు పోసికొనినవాని గతి యేమో ఆలోచింపుడు! భూగోళమున గాలులను, మేఘములను గూర్చిన పాఠము బట్టీ పట్టుటకు కాదు, బ్రతుకుటకు. ఆంగ్లమును స్పష్టముగా పలుకుట నేర్వుడు. అన్నిటికంటె మిన్నగా, తెలియనిదానిని తెలియదనుటయు, కూడనిదానిని కూడదనుటయు తరగతిలోనే అలవరచుకొనుడు. ఆకాశమున నొంటరిగా నున్న చోదకుని కాపాడునవి ఆ రెండు మాటలే.