భయము పలుచబడిన విధము

రేడియోలో పనిచేయువారము గనుక, ఏ చలనచిత్రమును గూర్చి మాటాడవలసివచ్చినను మా చెవి మొదట శబ్దము వైపునకే పోవును. 1978లో అమెరికాలో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' విషయమున ఇది పొరపాటు కాదు. సంగీతము చేర్చకముందు ఆ చిత్రమును ఒక పెద్ద స్టూడియో ఉద్యోగినికి చూపగా ఆమెకు భయమే కలుగలేదని కార్పెంటరే చెప్పియున్నాడు. పిదప ఆయన స్వయముగా పియానోపై ఐదేసి మాత్రల నడకలో ఒక చిన్న వరుస కట్టినాడు. మన విద్వాంసులు ఖండగతి యనునది ఇదియే. నాలుగు మాత్రలకు అలవాటుపడిన పాశ్చాత్యుల చెవి ఐదవ దెబ్బకు ఉలికిపడి, సర్దుకొనులోపల వరుస మరల మొదలగును. తెరమీద చూపిన రక్తము బహు స్వల్పము. తక్కిన పని చూచువారి ఊహయే చేసినది.

కత్తి పట్టిన హంతకుడు, వాని ముసుగు, ఒకరి వెంట ఒకరుగా చచ్చు యువజనులు, చివరకు మిగులు ఒక యువతి: ఈ తీరు చిత్రములకు అక్కడ 'స్లాషర్' అని పేరు. హిచ్‌కాక్ 'సైకో' (1960), కెనడాలో తీసిన 'బ్లాక్ క్రిస్మస్' (1974) వీనికి పూర్వులు. వ్యాపారమును పెంచినది మాత్రము 'హాలోవీన్'. 3 లక్షల పైచిలుకు డాలర్లతో తీసిన చిత్రము అమెరికాలోనే 4 కోట్ల 70 లక్షలు గడించినది. హంతకుని ముసుగు చవకగా కొని తెల్లరంగు పూసినది. శరదృతువును చూపుటకు రంగువేసిన ఆకులను వీధిలో చల్లి, చిత్రీకరణము కాగానే ఏరుకొనెడివారట.

ఇంత తక్కువ పెట్టుబడికి ఇంత లాభమని తెలిసిన తరువాత ఊరకుండువారెవరు? 1980, 1981 సంవత్సరములలో నూతన సంవత్సరము, ప్రేమికుల దినము, మాతృదినము, పుట్టినరోజు, అన్నియు హత్యలకు ముహూర్తములైనవి. 1980 నాటి 'ఫ్రైడే ది థర్టీన్త్' అమెరికాలో దాదాపు 4 కోట్ల డాలర్లు తెచ్చినది. మరుసటి యేటి రెండవ భాగము 2 కోట్ల పైచిలుకే తెచ్చినది. 1982లో మూడవదానిని త్రీడీలో చూపగా రాబడి మరల 3 కోట్ల 60 లక్షలు దాటినది. అది కథ బలము కాదు, కళ్లజోడు బలము. 1984లో నాలుగవదానికి 'ఆఖరి అధ్యాయము' అని పేరుపెట్టి హంతకుడగు జేసన్‌ను చంపినారు. ఏడాది తిరుగకుండ 'నూతనారంభము' అను ఐదవది వచ్చినది. 1986లో జేసన్ సమాధినుండి లేచినాడు. 1989లో ఎనిమిదవ భాగము 1 కోటి 40 లక్షల వద్ద నిలిచిపోయినది.

నాటకములో కిర్రుమను తలుపు ఒకమారు భయపెట్టును. మరువారము అదే ధ్వని వాడినచో శ్రోతలు నవ్వుదురని మాకు తెలియును. కాని పునరుక్తి ఒక్కటే కారణము కాదు. మొదటి 'హాలోవీన్'లో మైకేల్ మయర్స్ ఆ యువతినే ఏల వెంటాడెనో ఎవరికిని తెలియదు. 1981 నాటి రెండవ భాగము ఆమె వాని చెల్లెలని చెప్పివేసినది. కారణము తెలిసిన పిమ్మట అది కుటుంబకలహమైనది.

నిర్మాతలను మాత్రమే నిందించుట న్యాయము కాదు. 1982లో మూడవ 'హాలోవీన్'ను మయర్స్ లేకుండ, పూర్తిగా వేరు కథతో తీసినారు. ప్రేక్షకులు తిరస్కరించినారు. 1988లో నాలుగవ భాగము మయర్స్ తిరిగివచ్చెనని పేరులోనే చాటుకొన్నది. వెస్ క్రేవెన్ 1984లో సృష్టించిన ఫ్రెడ్డీ, కలలో చంపువాడు, నిజముగా కొత్తవాడు. వాడును భాగములు పెరిగినకొలది హాస్యగాడై 1991లో అస్తమించినాడు.

1996లో అదే క్రేవెన్ 'స్క్రీమ్' తీసినాడు. అందలి పాత్రలు ఈ చిత్రముల మర్మములన్నియు ఎరిగియుండియు చచ్చుచుందురు. ఆ చమత్కారమునకు జనము విరగబడగా, సంవత్సరము నిండకముందే రెండవ భాగము విడుదలైనది.

2018లో వచ్చిన 'హాలోవీన్' నడుమ వచ్చిన భాగములన్నిటిని ప్రక్కకు నెట్టి, ఆమె చెల్లెలు కాదన్నది. కార్పెంటర్ మరల సంగీతము కూర్చగా, ఆ ఐదు మాత్రల వరుస మరల వినబడినది. దానికిని 2021లో ఒకటి, 2022లో ఒకటి తరువాయి భాగములు వచ్చినవి.