నిద్ర పట్టింది, చేప పట్టాడు

వైరా రిజర్వాయరు కట్ట మీద పొద్దున్నే కాసేపు నిలబడండి. ఒక్క మాట పదిసార్లు చెవిన పడుతుంది. నీళ్లలో చేపలు పట్టేవాళ్లుంటారు. మబ్బు చూసి ‘ముసురు పట్టేట్టుంది’ అంటారొకరు. ‘రాత్రి నిద్ర పట్టలేదు, మెడ పట్టేసింది’ అంటారింకొకరు. కట్ట దిగి ఊళ్లోకొస్తే గిర్ని ముందు మిరపకాయలు కారం పట్టించే వరస, నల్లా దగ్గర బిందెలు పట్టే ఆడవాళ్లు, చంటిపిల్లకు పాలు పట్టే తల్లి, తోటకు తెగులు పట్టిందని దిగులుపడే మిరప రైతు.

ఇదే ఊళ్లో పిల్లలు ‘గెట్’ అనే ఇంగ్లీషు క్రియకు అర్థాలు బట్టీ పడుతుంటారు. పొందు, తెచ్చు, చేరు, అవు, అర్థం చేసుకో... పక్కనే పర్యాయపదాల పట్టిక. పరీక్ష అయ్యాక ఏదీ గుర్తుండదు. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ‘పట్టు’ను ఇన్ని రకాలుగా వాడే బిడ్డకు ‘గెట్’ కొత్త వింతేమీ కాదు. ఆ సంగతి చెప్పేవాళ్లే లేరు.

చిన్న క్రియకు పెద్ద సంసారం ఉండటం అన్ని భాషల్లోనూ ఉన్నదే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు పీటర్ గిలివర్ ‘రన్’ అనే ఒక్క క్రియ మీద తొమ్మిది నెలలు కూర్చుని 645 అర్థాలు తేల్చారని 2011లో పత్రికలు రాశాయి. మన ‘పట్టు’కు అంత ఓపిగ్గా లెక్క కట్టినవారు నాకు తెలిసి లేరు.

అన్ని అర్థాలున్నా మూలం ఒకటే: ఒకటి మరొకదాన్ని జారిపోకుండా అంటుకోవడం. చేప పట్టినప్పుడు పట్టేది మనం. జ్వరం పట్టుకున్నప్పుడు చిక్కేది మనం. భద్రాచలం పోవడానికి ఎంతసేపు పడుతుంది, రవికకు ఎంత గుడ్డ పడుతుంది అన్నప్పుడు పని కాలాన్ని, కొలత బట్టను పట్టుకుంటున్నాయి. ‘గెట్’ కూడా అంతే. లేనిది మన దగ్గరికి రావడం, లేదా మనం లేని చోటికో స్థితికో చేరడం. ఉత్తరం అందినా, జబ్బు చేసినా, ముసలితనం వచ్చినా, ఖమ్మం చేరినా ఇంగ్లీషువాడికి ఆ ఒక్క క్రియ చాలు.

మరి పర్యాయపదాలో? చేప దొరికింది, చిక్కింది, పడింది, పట్టాను. నాలుగూ ఒకటేనని పట్టిక చెబుతుంది. వలవేసేవాణ్ని అడిగితే ఒప్పుకోడు. దొరికింది అంటే అదృష్టం, చిక్కింది అంటే చేప ఖర్మ, పడింది అంటే వల చలవ, పట్టాను అంటే తన నేర్పు. నిద్ర రావడం వేరు, పట్టడం వేరు. వచ్చిన నిద్ర పట్టక దొర్లే రాత్రులు అందరికీ తెలిసినవే.

ఇంకో చిత్రం కూడా ఉంది. ‘పట్టాడు’, ‘పడ్డాడు’ వేరువేరు. రేపటి మాట చెప్పాలంటే మాత్రం రెండూ ‘పడతాడు’ అయిపోతాయి. గట్టు మీద జారినవాడూ పడతాడు, చేపలవాడూ పడతాడు. ముందున్న మాటే అర్థాన్ని తేలుస్తుంది. ‘గెట్’ వెనకాల చేరే ‘అప్’, ‘ఆఫ్’ చేసే పనీ దాదాపు ఇదే. మన భాషలో ఆ పని ముందు జరుగుతుంది, వాళ్ల భాషలో తర్వాత.

భద్రాచలం అడవి వైపు పోయేకొద్దీ సంగతి బరువెక్కుతుంది. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. కోయ తెలుగుకు యాస కాదు, గోండికి దగ్గరి భాష. మానవశాస్త్రవేత్త స్టీఫెన్ టైలర్ 1969లో గొమ్ము కోయ మాటతీరుకు వ్యాకరణం రాశారు. ఆ పిల్లల నోట్లో వాళ్లవైన క్రియలున్నాయి. వాటిని బడి గడప బయటే వదిలి రమ్మనడం అన్యాయం.

పదాలు పుస్తకాల్లోనే ఉండవని భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చేసి చూపించారు. ఊళ్లలో రైతుల నోటి మాటలు సేకరించగా, మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయం సంపుటం 1962లో వచ్చింది. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

అయ్యా, పంతుళ్లూ! ఈసారి ‘గెట్’ చెప్పే ముందు, ఇంట్లో విన్న ‘పట్టు’ వాక్యాలు పది రాసుకురమ్మని పిల్లలకు చెప్పండి. కోయ ఇళ్ల పిల్లలైతే వాళ్ల మాటలోనే రాయనివ్వండి. అవి చదివాకే ఇంగ్లీషు పుస్తకం తెరవండి.